వెనక సీటు తూకం

ఆ శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య డ్రైవింగ్ స్కూలుకి వెళ్లగానే అటక మీది రెండు సూట్‌కేసులూ దించాలి. వాటిలో తూనికరాళ్లు నింపి, పాత మోటారుసైకిలుకి చెరోపక్కా కట్టి, బజారు వీధి మలుపు దాకా ఓసారి నడిపి చూడాలి. మధ్యాహ్నం లోపల షోరూంకి ఫోన్ చేసి, కొత్త బండి మామూలుది కావాలో పైరకం కావాలో చెప్పెయ్యాలి. బయట ముసురు పట్టి ఉంది. ఆయన లోపలి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఊళ్లో కాటా ఉన్న ప్రతివాడికీ ఆయన తెలుసు, ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు. వెనకాల అందరూ "తరుగు" అంటారు. పాల ప్యాకెట్టు కొన్నా, సబ్బుబిళ్ల కొన్నా ఓసారి అరచేతిలో ఎగరేసి, మొహం వేలాడేసి, "తరుగుంది" అనడం ఆయనకి అలవాటు. ఎవరైనా "నిండు నూరేళ్లు బతకండి" అని దీవించినా, "తరుగు పోను ఎంత మిగులుతుంది లెండి" అంటాడు. కాగితం మీద రాసిన తూకం నమ్మడు. మనిషి నోటితో చెప్పిన తూకం అసలే నమ్మడు.

అలాంటి మనిషికీ ఒక కోరిక ఉంది. నెల రోజులు బండి మీద, నేల అయిపోయి సముద్రం వచ్చేదాకా పోవాలి. పెళ్లయినప్పటి నుంచీ "వచ్చే ఏడు చూద్దాం" అంటూనే ఉన్నాడు. ఈమధ్య ఆఫీసులో పక్క బల్ల గుమాస్తా పోయాడు. రిటైరయ్యాక దేశమంతా తిరుగుతానని పటాలు కొని గోడకి తగిలించుకున్నవాడు, రిటైరయిన వారంలోనే ఆ పటాల కింద, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పట్నుంచి ఇన్‌స్పెక్టరుకి సరిగ్గా నిద్ర లేదు. ఉద్యోగంలో మొదటిసారి నెల సెలవు అడిగాడు. పైఅధికారి ఆయన మొహం చూసి, ఏదో పెద్ద జబ్బే అయ్యుంటుందనుకుని, మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

చిక్కంతా షోరూంలో వచ్చింది. దూరప్రయాణాలకి తగిన బండి ఒకటే, కానీ అందులో రెండు రకాలున్నాయి.

"ఇంజను అదే, చక్రాలు అవే సార్," అన్నాడు షోరూం కుర్రవాడు. "పైరకానికైతే ముందు పొడుగాటి అద్దం, చలికి వేడెక్కే హ్యాండిళ్లు, పక్కలకి రెండు పెట్టెలు, వెనక ఇంకో పెట్టె, దానికి ఆనుకోవడానికి మెత్తటి దిండు."

"ఎవరు ఆనుకోవడానికి?"

"వెనక కూర్చునేవాళ్లు సార్."

"వెనక ఎవరూ కూర్చోరు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కుర్రవాడికి ఎందుకో పరామర్శించాలనిపించింది. రెండు రకాల్లోనూ ఒక్కొక్క బండే మిగిలిందని, శనివారం మధ్యాహ్నం దాకా మాత్రం ఆపగలనని మెల్లగా చెప్పి పంపించాడు.

ఆయన ఇంటికొచ్చి అన్నం తింటూ భార్యతోనూ అదే మాటన్నాడు. "వెనక దిండు దండగ. ఎవరూ కూర్చోరు కదా." ఆవిడ పులుసు గిన్నె ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది. అప్పటి నుంచి అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఈయన దాన్ని గిన్నె జారడం కింద జమకట్టుకున్నాడు.

ఎవరూ కూర్చోరని ఆయన ఊరికే అనలేదు. పెళ్లయిన కొత్తలో వానలో ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని, బురదలో జారి, ఇద్దరూ పొలంలో పడ్డారు. ఆవిడ మోకాళ్ల దాకా బురదతో లేచి నిలబడి, "ఈ జన్మలో మళ్లీ మీ వెనక బండెక్కితే ఒట్టు!" అంది. ఈయన ఆ మాటని రాయికి ముద్ర వేసినట్టు ముద్ర వేసి లోపల పెట్టుకున్నాడు. ఆవిడ సొంతంగా స్కూటరు నేర్చుకుంది, తర్వాత కారు, లారీ కూడా నేర్చుకుంది. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో ఊరందరికీ నేర్పుతోంది. ఇద్దరూ ఎక్కడికి వెళ్లినా రెండు బండ్ల మీద వెళ్లి, రెండు బండ్ల మీద వస్తారు. చూసేవాళ్లకి ఆస్తి బాగా ఉందనిపిస్తుంది.

ఆ శనివారం ఆవిడ గుమ్మంలో ఆగి అడిగింది. "ఇంతకీ ఏది తీసుకుంటున్నారు?"

"అదే తేలడం లేదు. ఒక్కడికి మామూలుది చాలు. కాకపోతే సామాను పెట్టెలుంటే మేలే. కానీ ఆ బరువుకి మలుపుల్లో బండి ఎలా ఒరుగుతుందో ఏమో."

"అవున్లెండి. ఒక్కరికి ఏదైనా చాలు," అని ఆవిడ హెల్మెట్టు పట్టీ బిగించుకుని వెళ్లిపోయింది.

ఒక్కో పెట్టెలో ఇరవై కిలోలు పెట్టుకోవచ్చని షోరూం కాగితంలో ఉంది. కాగితాన్ని నమ్మేవాడైతే ఆయన ఆ ఉద్యోగంలో ఎందుకుంటాడు? అందుకే ముందు రోజు సాయంత్రం ఆఫీసు నుంచి ప్రమాణపు రాళ్లు, ఒక్కోటి అయిదు కిలోలవి, గోనెసంచుల్లో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. ఊళ్లోని రాళ్లన్నిటినీ సరిచూసే అసలు రాళ్లు అవి. పైఅధికారికి చెప్పకుండా గడప దాటించకూడదు. చెబితే ఎందుకని అడుగుతాడు, అందుకని చెప్పలేదు. ఒక్క పూటలో మళ్లీ పెట్టేస్తే ఎవడికి తెలుస్తుందనుకున్నాడు. ఊళ్లోవాళ్లని ఆయన పట్టుకున్నప్పుడల్లా వాళ్లు చెప్పేది కూడా సరిగ్గా ఆ మాటే.

సూట్‌కేసులు దించితే నిండా ఆవిడ బట్టలున్నాయి. వాటిని మంచం మీద కుమ్మరించాడు. అడుగున కొత్త వానకోటు ఒకటి, ఇంకా అట్ట చీటీ కూడా తెంపనిది, కనిపించింది. దళసరిది, బండి మీద వెళ్లేవాళ్లు వేసుకునేది. "స్కూలువాళ్లది కాబోలు," అనుకుని దాన్నీ గుట్ట మీద పడేశాడు.

బట్టలారేసే తాడు విప్పి సూట్‌కేసులు బండికి కడుతుంటే పైవాటా మామ్మగారు మెట్ల మీంచి తొంగిచూసింది. వీధిలో ఏం జరిగినా జరగబోయేదాన్ని కూడా కలిపి చెప్పగల మనిషి.

"ఎక్కడికి నాయనా, ఇంత సామానుతో?"

రాళ్ల సంగతి బయటపడితే ఉద్యోగానికే ముప్పు. "ఊరికే మామ్మగారూ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అమ్మాయి రాదూ?"

"రాదండీ."

"ఎప్పుడొస్తావు మరి?"

"బండి నిలబడితే వస్తాను."

ఆయన మాట్లాడే పద్ధతే అంత. మామ్మగారికి అదేం తెలుసు? బండి వీధిలోకి వెళ్లగానే ఆవిడ కిందికి దిగి, తెరిచి ఉన్న గదిలోకి చూసింది. మంచం మీద ఇల్లాలి బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. ఇక ఆవిడకి చూడాల్సింది మిగల్లేదు. గుండెలు బాదుకుంటూ ఇన్‌స్పెక్టరు బావమరిదికి ఫోన్ చేసింది. "మీ బావ సామాను సర్దుకుని సంసారం వదిలేసి పోతున్నాడయ్యా! మీ అక్క బట్టలు బయట పారేశాడు! మళ్లీ వస్తాడో రాడో కూడా చెప్పలేదు!"

బావమరిదికి టైర్ల దుకాణం ఉంది. గొంతు పెద్దది, ఆలోచన చిన్నది. చేతిలో పంక్చరు చక్రం అక్కడే వదిలేసి, పనివాళ్లని వెంటేసుకుని బస్టాండుకి పరిగెత్తాడు. అక్కడ గొడుగు వెనకాల రెండు సూట్‌కేసులతో దిగులుగా నిలబడ్డ ఒక పెద్దమనిషి కనిపించాడు. వెనకనుంచి వెళ్లి చొక్కా పట్టుకుని, "మా అక్క ఏం తక్కువ చేసింది నీకు?" అని నిలదీశాడు. గొడుగు పక్కకి తీస్తే ఎవరో వేరే మనిషి. కానీ ఆ మనిషి వలవలా ఏడ్చి, "ఏమీ తక్కువ చేయలేదు బాబూ, తప్పు నాదే," అని తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. అలా ఆ ఊళ్లో ఒక సంసారం నిలబడింది గానీ, అది మన కథకి సంబంధించింది కాదు.

ఇన్‌స్పెక్టరు మాత్రం బజారు వీధిలోకి వచ్చాడు. తిన్నగా పోతున్నంతసేపు బండి బాగానే ఉంది. మనసులో పైరకం వైపు కాస్త మొగ్గాడు కూడా. మలుపు దగ్గర రోడ్డు పల్లానికి తిరుగుతుంది, పైగా తడి. బండిని ఎడమకి వంచాడు. సూట్‌కేసు ఆయనకంటే ముందు వంగింది. బట్టల తాడు పటుక్కుమంది, బండి పక్కకి పడింది, సూట్‌కేసు నోరు తెరిచింది. తూనికరాళ్లు ఒకదాని వెనక ఒకటి బజారు మధ్య దొర్లుకుంటూ పోయాయి. వెళ్తూ వెళ్తూ ఒకటి ఆయన ఎడమ పాదం మీద కూర్చుని మరీ వెళ్లింది.

"అమ్మో!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బజారంతా తలెత్తి చూసింది. రోడ్డు మీద తరుగు. ఆయన చుట్టూ సర్కారు ముద్రవేసిన ప్రమాణపు రాళ్లు.

"రైడ్!" అని అరిచాడు పళ్ల దుకాణంవాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వీధి వీధంతా ఒక్కసారి కదిలింది. కాటాలు బల్లల కిందికి పోయాయి. ఎవరి చేతుల్లో రాళ్లు వాళ్లు ఎక్కడెక్కడికో విసిరేశారు. దడదడా షట్టర్లు పడ్డాయి. కన్నుమూసి తెరిచేలోగా బజారులో ఒక్క మనిషి లేడు, మలుపులో బండి పక్కన కూర్చుని పాదం పట్టుకుని మూలుగుతున్న ఇన్‌స్పెక్టరు తప్ప. చినుకులు పడుతున్నాయి.

ఆయన దేక్కుంటూ వెళ్లి పప్పుల కొట్టు షట్టరు తట్టాడు. "బాబూ, కాస్త మంచినీళ్లు."

"కొట్టు మూసేశామండీ. సోమవారం రండి," అంది లోపలి గొంతు.

"కాలు విరిగిందయ్యా! లేవలేకపోతున్నాను!"

"ఊరుకోండి సార్. పోయినేడు చేతికి కట్టు కట్టుకుని, దెబ్బ తగిలినవాడిలా మూలుగుతూ వచ్చే కదా మమ్మల్ని పట్టుకున్నారు!"

అది నిజమే. ఆ వేషం తానే వేశాడు. దానికి ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా. ఇన్‌స్పెక్టరు షట్టరుకి వీపు ఆనించి కూర్చున్నాడు. తను పోయినా ఈ ఊళ్లో జరిగేది ఇంతే కాబోలని ఆయనకి తోచింది. తలుపులన్నీ మూసుకుంటాయి, "సోమవారం రండి" అంటారు. పక్క బల్ల గుమాస్తా గుర్తొచ్చాడు. పాదం సలుపు కంటే ఆ తలపే ఎక్కువ నొప్పెట్టింది. ఎవరైనా పక్కన ఉంటే బాగుండునని మొట్టమొదటిసారి మనస్ఫూర్తిగా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడ్డాడు.

ఇంతలో బావమరిది అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, బావ నీ బట్టలు బయట పారేసి, నిన్ను వదిలేసి పోయాడే! బస్టాండులో లేడు! బజారు వైపు పోయాడట!"

ఆవిడ అప్పుడు స్కూలు కారులో, మూడు రోజులుగా నేర్చుకుంటున్న ఒక పళ్ల డాక్టరు పక్కన కూర్చుని ఉంది. ఏడవలేదు, అరవలేదు. "క్లచ్చి మెల్లగా వదలండి. బజారు వైపు పోనివ్వండి," అంది అంతే. డాక్టరు భయపడుతూ నడిపాడు. కారు మూడుసార్లు ఆగి, నాలుగుసార్లు గెంతి, నడిచే మనిషికంటే నెమ్మదిగా బజారులోకి వచ్చి, ఇన్‌స్పెక్టరు ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగింది. డాక్టరు స్టీరింగు మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ దిగింది. పడిపోయిన బండిని చూసింది, తన సూట్‌కేసుల్ని చూసింది.

"ఎక్కడికి బయల్దేరారు?" అంది.

"ఎక్కడికీ లేదు. ఈ మలుపు దాకానే."

"మలుపు దాకా రావడానికి రెండు సూట్‌కేసులా? నా బట్టలు బయట పారేసి మరీనా?" ఆవిడ వంగి, మూత తెరుచుకోని రెండో సూట్‌కేసు తెరిచింది. లోపల నాలుగు ఇనప రాళ్లు పొందిగ్గా ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని ఎత్తబోయి మళ్లీ వదిలేసింది. "ఇవేమిటండీ?"

"ఇరవై కిలోలు. రెండో పక్క ఇంకో ఇరవై. పైరకం తీసుకుంటే మలుపులో ఎలా ఉంటుందోనని..." ఇన్‌స్పెక్టరు నీళ్లు నమిలాడు. "తేల్చుకోలేకపోయానే. ఒక్కడికి అంత బండెందుకని. వెనక ఎలాగూ ఎవరూ..."

"కూర్చోరు," అని ఆవిడే పూర్తి చేసింది. "ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే. ఒట్టు కూడా పెట్టావు కదా, ఆ వానలో..."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "ఏమండీ, పప్పుల కొట్టువాడి రాయికైతే వేసిన ముద్ర చాలదని మళ్లీ మళ్లీ వెళ్లి తూస్తారే! మోకాళ్ల దాకా బురదలో నిలబడి కొత్త పెళ్లికూతురు కోపంలో అన్న మాటకి ఒక్కసారి ముద్ర వేసి, జీవితమంతా దాచుకున్నారా? 'వస్తావా' అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అడిగారా?"

ఇన్‌స్పెక్టరు చేతికంటిన బురద చొక్కాకి తుడుచుకోసాగాడు.

"సెలవు దొరికిందని చెప్పిన రోజే వానకోటు కొనుక్కున్నాను," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "అడుగుతారు, అడుగుతారని చూశాను. మీరేమో దిండు దండగన్నారు."

మంచం మీద పడేసిన వానకోటు ఆయన కళ్లముందు మెదిలింది. దాని అట్ట చీటీ కూడా. "నీ మాటలో తరుగుందేమో చూడాల్సింది," అన్నాడు చివరికి. "బుద్ధి లేకపోయింది."

అప్పుడే పైఅధికారి జీపు వచ్చింది. వర్తకుల సంఘం అధ్యక్షుడు ఆయనకి ఫోన్ చేసి, సెలవురోజు చెప్పాపెట్టకుండా రైడేమిటని విరుచుకుపడ్డాడు. పైఅధికారికి రైడ్ సంగతే తెలియదు. జీపు దిగి చూస్తే, తన ఆఫీసు గదిలో తాళం వేసి ఉండాల్సిన ప్రమాణపు రాళ్లు నడిరోడ్డు మీద వానలో తడుస్తున్నాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయి, ఇన్‌స్పెక్టరు కాలు నొప్పి కూడా మరిచిపోయాడు.

"ఏమయ్యా! ఎవరి అనుమతితో తీశావు వీటిని?"

"సార్, అదీ..."

"ఒకటి మురిక్కాలవలో కూడా పడిందిగా! తీయించు ముందు!"

జీపు డ్రైవరు కాలవలో చెయ్యి పెట్టాడు. ఒక రాయి తీశాడు. అది ఆఫీసుది కాదు. ఇంకోటి తీశాడు, అదీ కాదు. అడుగున తొలిచి సీసం గీకేసినవి, పక్కలు అరగదీసినవి, బెజ్జం పెట్టి మైనం పూసినవి, ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. బజారంతా కంగారులో విసిరేసిన దొంగరాళ్లన్నీ అక్కడే ఉన్నాయి. డ్రైవరు గట్టు మీద గుట్ట పోశాడు. పైఅధికారి ఆ గుట్టని చూశాడు, మూసి ఉన్న షట్టర్లని చూశాడు, సంఘం అధ్యక్షుడి ఫోన్‌ని తలుచుకున్నాడు.

"మెల్లగా కూర్చో, కాలు కదపకు," అన్నాడు గొంతు మార్చి. "ఇంత పెద్ద రైడ్ మన శాఖలో ఎప్పుడూ జరగలేదు. చెబితే లీకవుతుందని ఎవరికీ చెప్పకుండా నేనే నిన్ను పంపించాను. అర్థమయిందా?"

"అయింది సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. పప్పుల కొట్టు షట్టరు వెనక ఎవరో నిట్టూర్చారు.

ఆస్పత్రికి పళ్ల డాక్టరే తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఆవిడ ఒక చేత్తో భర్త చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో డాక్టరుకి గేర్లు చూపించింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, పాదంలో రెండు ఎముకలు విరిగాయన్నాడు. కట్టు తీశాక కూర్చుని ఎంత దూరమైనా పోవచ్చట, కానీ ఎడమ పాదంతో గేరు తొక్కడం మాత్రం చాలా నెలల దాకా కుదరదట. సెలవుని కట్టు తీశాకే మొదలయ్యేట్టు మారుస్తానని పైఅధికారి అక్కడికక్కడే మాటిచ్చాడు.

ఇన్‌స్పెక్టరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అయిపోయింది. నా సముద్రం నాకు దక్కలేదు. రాసిపెట్టి లేదు."

"ఎందుకు దక్కదు?" అంది భార్య. "నేను నడుపుతాను."

ఆయన ఇటు తిరిగాడు. "మరి ఒట్టో?"

"మీ వెనక ఎక్కనని ఒట్టు పెట్టాను. నా ఒట్టు నాకు గుర్తుంది. నేను ముందే కూర్చుంటాను." ఆవిడ ఫోన్ తీసింది. "ఇంకా మధ్యాహ్నం దాటలేదు. మామూలుదే చెప్పేస్తున్నాను. తేలిగ్గా ఉంటుంది, మలుపుల్లో బాగా ఒరుగుతుంది."

ఇన్‌స్పెక్టరు మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్ల ముందు రోడ్డు కనిపించింది, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, రోజూ, వెనక సీటు మీద తన నడుము.

"అలా కాదు, కాస్త ఆగు. పైరకమే మంచిదేమో."

"ఎందుకు? దిండు దండగన్నారుగా."

"అన్నాను."

"వెనక ఎవరూ కూర్చోరన్నారుగా."

"అన్నానే తల్లీ, అన్నాను!" ఇన్‌స్పెక్టరు చేతులు జోడించాడు. "వెనక కూర్చునేవాళ్లకి ఆనుకోవడానికి ఉండాల్సిందే. లేకపోతే ఎంత బాధో నీకేం తెలుసు?"

"నాకేం తెలుసు," అంది ఆవిడ. నవ్వింది కూడా, ఆ వారంలో మొదటిసారి. షోరూంకి ఫోన్ చేసి పైరకం చెప్పింది. అవతలి కుర్రవాడు సంతోషించి, వెనక స్ప్రింగు బిగించాలి, వెనక కూర్చునే మనిషి ఎంత బరువుంటారో చెప్పమన్నాడు.

"డెబ్బై," అన్నాడు మంచం మీంచి ఇన్‌స్పెక్టరు, గట్టిగా వినపడేలా.

"ఆయన మాట నమ్మకండి," అంది భార్య ఫోనులో, "తెచ్చి తూయిస్తాను."